ఎండాకుకు అగ్గి

మాఘం వెళ్లిపోయే రోజుల్లో గిద్దలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే నల్లమల కొండ పసుపు, ఎరుపు కలిసిపోయి కనిపిస్తుంది. గాలి వీస్తే చాలు, ఆకు గలగలా రాలుతుంది. అది చూపిద్దామని పోయినేడు అమ్మానాయనలను మార్కాపురం నుంచి కారులో తీసుకెళ్లాను. బతుకంతా ఆ అడవిలో గొర్రెలు మేపిన మనిషి మా నాయన. దారి పొడుగునా సణుగుడే.

"రాలిపోయే ఆకులు చూసేదానికి పెట్రోలు ఖర్చా? తిక్కనా ఏంది అమ్మీ?"

"ఒక్క పూట నోరు మూసుకుని కూర్చో నాయనా!" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

కారు దిగగానే ఆయన ఒక్కడే ముందుకు నడిచిపోయాడు. "మోదుగుపూలు కోసుకొస్తా" అని నాతో చెప్పి అమ్మ వాలు ఎక్కింది. నేను ఫోనులో ఫొటోలు తీసుకుంటూ ఉండిపోయాను.

పొగ వాసన తగిలి తిరిగి చూశాను. వాలు మొదట్లో నాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతిలో అగ్గిపెట్టె. ఎదురుగా ఆకులు చిటపటమంటున్నాయి. మందలవాళ్ల పాత అలవాటు అది. ఎండాకు కాలిస్తే వాన పడగానే ఆ నేలలో లేత గడ్డి లేస్తుంది.

"నాయనా! అమ్మ పైనుంది!"

"కారులో లేదా?" అన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మంట అప్పటికే వాలు పట్టింది. పచ్చి కొమ్మలు విరిచి ఇద్దరం బాదాం. ఒకచోట ఆర్పితే పక్కన లేస్తోంది. అమ్మా అని అరిచాను, పలుకు లేదు. నాయన తువ్వాలు ముక్కుకు చుట్టుకుని పొగలోకి ఉరికాడు. చొక్కా పట్టి లాగితే నన్ను నెట్టేశాడు.

"యాడికొస్తావయ్యా! బండమీదుండా, ఆడనే ఉండు!"

అమ్మ గొంతు! దేవుడా, ప్రాణం లేచొచ్చింది. ఆమె గడ్డిపోచ లేని రాతిబండ ఎక్కి నిలబడిందట. మంట దానికి రెండువైపులా కాల్చుకుంటూ పోయి, పైనున్న రాళ్లగుట్ట దగ్గర తిండి లేక ఆరిపోయింది. చీర అంచు మాడి, అమ్మ దగ్గుకుంటూ దిగి వచ్చింది.

నాయనను నేను అనరాని మాటలన్నీ అన్నాను. "చంపేసేవాడివి గదా!" అని కూడా అన్నాను.

"నువ్వు ఊరుకోమ్మీ" అని అమ్మ నన్ను పక్కకు జరిపింది. కొంగుతో ఆయన ముఖం మీది మసి తుడిచింది.

"గడ్డి కోసమా?"

ఆయన తల ఊపాడు.

"మందను అమ్మేస్తిమి గదయ్యా. ఇంక ఏం మేస్తాయని?"

నాయన ఆ వేడి బూడిద పక్కనే చతికిలబడి, అమ్మ చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చాడు.