పద్మజ వేసిన గొళ్లెం

ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు, అరచేతిలో పట్టేంత ప్రాణిది. ఒక ఊసరవెల్లిది. నవ్వుకుంటే నవ్వుకోండి. ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. నేనూ పద్మజా క్యాంపస్‌లో జువాలజీ పీజీ చదువుతున్నాం. ఆమెది తార్నాకలో స్థిరపడ్డ కోస్తా కుటుంబం. మాది పల్లెలో వ్యవసాయం. పిల్లలు రాళ్లతో కొట్టి కాలు విరగ్గొట్టిన ఊసరవెల్లిని ఆమె పొదల్లోంచి తెచ్చి, ల్యాబ్ వెనక జాలీ పెట్టెలో ఉంచి బతికించింది. కాలు నయమవగానే వదిలేద్దామనుకుంది. ఈలోగా మెట్టుగూడ బడులకు వెళ్లి పిల్లలకు దాని ఫొటోలు చూపించేది. దీనికి విషం లేదు, కొట్టకండి, రంగు మారేది భయానికే గానీ మోసానికి కాదు అని చెప్పేది. పక్కన నేనూ తల ఊపేవాణ్ని.

అప్పుడే ఒక నాయకుడు పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట అన్నాడు. క్యాంపస్ భగ్గుమంది. కోపం నాకూ వచ్చింది. అది న్యాయమైన కోపమేనని ఇప్పటికీ అంటాను. దిష్టిబొమ్మకు శవయాత్ర అన్నారు. "నిజం ఊసరవెల్లినే బొమ్మ భుజం మీద కూసోబెడదాం. టీవీలోళ్లంత గీడికే ఉరికొస్తరు. మల్ల నీకిచ్చేస్తం," అన్నాడు హాస్టల్ మిత్రుడు.

గొళ్లెం తీశాను. ఎందుకు తీశాను? ఉద్యమం కోసమా? నలుగురూ భుజం తడతారని తీశాను.

తార్నాక చౌరస్తాలో దాన్ని దారంతో బొమ్మకు కట్టారు. డప్పులకు బెదిరి అది నల్లబడింది. "రంగు మార్చింది సూడుండ్రి," అని ఈలలు వేశారు. పోలీసులొస్తున్నారని కేక వినబడగానే ఎవరో కంగారులో అగ్గిపుల్ల గీశారు. నేను ముందుకెళ్లి దారం తెంపితే సరిపోయేది. వెళ్లలేదు. నినాదం ఇస్తూ నిలబడ్డాను. ఆ నాయకుడు తర్వాత మళ్లీ మాట మార్చి, మళ్లీ దండలు వేయించుకున్నాడు. కాలిందెవరు? థూ, నా బతుకు.

మర్నాడు పద్మజ ఖాళీ పెట్టె ముందు నిలబడి ఉంది.

"గొళ్లెం వేసే వెళ్లాను కదా. నువ్వేమైనా చూశావా?"

"నువ్వే సరిగ్గ ఎయ్యలేదేమో," అన్నాను.

"అయ్యుంటుందిలే. కుంటి కాలుతో ఎంత దూరం పోతుంది?" అంటూ పొదలు వెతకడం మొదలుపెట్టింది. నేనూ ఆమె పక్కనే వెతికాను, సిగ్గు లేకుండా. దొరకలేదు. పెట్టెలో ఉన్నదాన్నే కాపాడుకోలేనిదాన్ని, పిల్లలకేం చెప్తాను అని ఆమె బడులకు వెళ్లడం మానేసింది.

ఇప్పుడు ఆ బడులకు నేను వెళుతున్నాను. ఆమె మాటలే చెబుతాను. చప్పట్లు నాకు కొడతారు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు కదా, మనిషి ముదిరితే ఏమవుతాడో ఆ సామెత కట్టినవాళ్లు చెప్పలేదు.

ఆమె ఇప్పుడు దగ్గర్లోనే, మౌలాలిలో ఉంటుంది. క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తుంది, అంత తేలిగ్గా వదిలించుకునే హక్కు నాకు లేదు. ఇది రాశాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

పద్మజా, ఆ రోజు గొళ్లెం నువ్వు సరిగ్గానే వేశావు.