కిటికీల వైపు నిలబడ్డవాళ్ళు

వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో నేను ఆఫీస్‌కి వెళ్ళే దారిలో హైవే మీద ఒక వంతెన ఉంది. ఈ 2013 వేసవి మొదలైనప్పటి నుంచి సాయంత్రాలు దాని మీద కొంతమంది అట్టలు పట్టుకుని నిలబడుతున్నారు. అధ్యక్షుణ్ణి అభిశంసించి దించెయ్యాలట. కింద పోయే కార్లలో కొందరు హారన్ కొట్టి మెచ్చుకుంటారు, కొందరు అద్దం దించి తిడతారు. నేను రెండూ చెయ్యను. ‘ఇంపీచ్’ అన్న ఆ ఒక్క మాట చూడగానే నాకు వెర్మాంట్‌లో మేమున్న చిన్న ఊరూ, అక్కడి బడిలో జిమ్మూ, మా పక్కింటావిడా గుర్తొస్తారు. అప్పటి అధ్యక్షుడు వేరు, ఆయన పార్టీ వేరు. ఆయన్ని దించాలని గొంతు చించుకున్నవాళ్ళకీ ఈ వంతెన మీదివాళ్ళకీ క్షణం పడదు. మాటలు మాత్రం అవే.

మావారు అక్కడ కంప్యూటర్ చిప్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరూ లేరు. కందిపప్పూ చింతపండూ కావాలంటే ఐదారు గంటల దూరంలో పిస్కాటవేలో ఉన్న స్నేహితుల ఇంటికి పోయి డిక్కీ నింపుకుని రావాలి. ఆ ఊళ్ళో నాకు దిక్కంటూ ఉన్నది పక్కింటావిడే. భర్త పోయిన మనిషి, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. మంచులో కారు జారితే స్టీరింగ్ ఎటు తిప్పాలో నేర్పింది ఆవిడ. నా సిటిజన్‌షిప్ ప్రమాణం రోజున మావారికి సెలవు దొరక్కపోతే గంటన్నర డ్రైవ్ చేసి తీసుకెళ్ళిందీ ఆవిడే. తిరిగొస్తూ కారు టౌన్ ఆఫీస్ ముందు ఆపి, ముందు ఓటరుగా చేరు, ఇంటికి తర్వాత వెళ్దాం అంది. తన పార్టీ ఏదో దాచేది కాదు. నాది ఏదని అడిగేదీ కాదు.

ఆవిడకి ఒక్కడే కొడుకు. మేము దిగిన మొదటి చలికాలంలో, అడక్కుండానే నిచ్చెన వేసుకుని మా ఇంటి కప్పు మీద పేరుకున్న మంచునంతా లాగేసిన పిల్లాడు. తర్వాత సైన్యంలో చేరి ఇరాక్ వెళ్ళాడు. ఒకసారి క్షేమంగా తిరిగొచ్చాడు. మళ్ళీ పంపారు.

ఆ రాష్ట్రంలో ఏటా మార్చిలో ఊరివాళ్ళందరూ ఒకచోట చేరి సభ పెట్టుకుంటారు. రోడ్లకెంత, బడికెంత, కొత్త ఫైరింజన్ కొనాలా వద్దా అన్నీ అక్కడే చేతులెత్తి తేల్చుకుంటారు. యుద్ధం మొదలై నాలుగేళ్ళు కావస్తున్న ఆ ఏడు, కొందరు సంతకాలు పోగుచేసి చివర్లో ఇంకో అంశం చేర్పించారు. అబద్ధాలు చెప్పి దేశాన్ని యుద్ధంలోకి దించిన అధ్యక్షుణ్ణి అభిశంసించమని మన ఊరు కాంగ్రెస్‌ని కోరాలట. పిస్కాటవే స్నేహితులు ఇది విని, మనకెందుకీ గొడవ, ఆ రోజు ఇంట్లో కూర్చో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఓటు తెచ్చుకున్నది బీరువాలో దాచుకోవడానికా? ఏ ఆయుధాల కోసమని ఆ పిల్లాణ్ణి అంత దూరం పంపారో ఆ ఆయుధాలే లేవని తేలాక, నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

కడుపులో ఏదీ దాచుకోలేని మనిషిని. సభకి ముందురోజు పక్కింటికి వెళ్ళి, నేను అవునని ఓటు వేస్తానని చెప్పేశాను. ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. చాలాసేపు చెక్కు తీస్తూనే ఉంది.

“వాడక్కడ ఉండగా, ఇక్కడ మీరందరూ కలిసి ఇది అబద్ధపు యుద్ధమని తేలిస్తే, వాడు దేనికోసం ఉన్నట్టు?” అంది చివరికి.

వాడి కోసమే అడుగుతున్నాను అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. తీర్మానం తెచ్చినవాళ్ళలో తమ పార్టీ అధ్యక్షుడైతే ఇదే పని చేసేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, అప్పుడు వింటానంది. నేను చూపించలేకపోయాను. ఇంకాసేపటికి తనే మెత్తబడింది.

“సరే, చెయ్యెత్తు. కానీ ఎప్పట్లాగే నా పక్కనే కూర్చో. ఆ కాసేపూ నేను కళ్ళు మూసుకుంటాను.”

సభ బడి జిమ్‌లో. మావారు అప్పటికింకా ఇండియన్ పాస్‌పోర్ట్ వదులుకోలేక గ్రీన్ కార్డ్ మీదే ఉన్నారు. ఓటు లేనివాళ్ళకి తలుపు దగ్గర వేరే బెంచీలు. అక్కడికి వెళ్తూ నా చెవిలో, “మైక్ దగ్గరికి మాత్రం వెళ్ళకు. నీకు బ్రేకులుండవు” అన్నారు. నేను వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. లేచిన మనిషిని చూస్తే చాలు, ఏం మాట్లాడతాడో ముందే తెలిసిపోయేది. ఒకరు రాజ్యాంగం అన్నారు, ఒకరు ఆ కుర్చీకి మర్యాద అన్నారు. ఒక ముసలి పాడిరైతు మాత్రం లేచి రెండు వైపులా చూశాడు. ఎనిమిదేళ్ళ కింద ఇంకో అధ్యక్షుణ్ణి అభిశంసించినప్పుడు మర్యాద గురించి మాట్లాడింది ఈ పక్కవాళ్ళు, అబద్ధం అబద్ధమేనన్నది ఆ పక్కవాళ్ళు, ఇవాళ ఒకరి ఉపన్యాసం ఒకరు ఎత్తుకున్నారంతే అని కూర్చున్నాడు. అందరూ నవ్వారు. ఎవరూ మనసు మార్చుకోలేదు.

ముందు నోటితో చెప్పమన్నారు. రెండు వైపులా ఒకే మోత. తర్వాత చేతులెత్తితే లెక్క కుదరలేదని కొందరు అభ్యంతరం చెప్పారు. అప్పుడు సభ నడిపే పెద్దమనిషి, అవుననేవాళ్ళు కిటికీల వైపుకీ కాదనేవాళ్ళు ఎదురుగోడ వైపుకీ వెళ్ళి నిలబడండి, తలలు లెక్కపెడతాం అన్నాడు.

పక్కింటావిడ ఇచ్చిన మాట ప్రకారం కళ్ళు మూసుకునే ఉంది. కుర్చీలు జరుగుతున్న చప్పుడుకి తెరిచింది. నేను అప్పటికే లేచి ఉన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. కూర్చుండిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. కూర్చోలేదు. చెక్క నేల మీద నా బూట్ల చప్పుడు వింటూ కిటికీల వైపు నడిచాను. లెక్క పూర్తయ్యేదాకా రెండు వర్గాలూ ఎదురెదురుగా నిలబడాలి. ఆవిడ సరిగ్గా నాకెదురుగా, గోడకి ఆనుకుని ఉంది. కొద్ది ఓట్ల తేడాతో తీర్మానం నెగ్గింది. నా చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు. సభ తర్వాత ఊరంతా కలిసి చేసే భోజనాలకి ఆవిడ ఆగలేదు.

మా తీర్మానం వాషింగ్టన్‌లో ఏ సొరుగులో పడిందో తెలియదు. అధ్యక్షుడి ఎదుటి పార్టీకే అక్కడ మెజారిటీ ఉన్నా, వాళ్ళూ ఆ జోలికి పోలేదు. జరిగిందల్లా మా రెండిళ్ళ మధ్య జరిగింది. ఆవిడ రావడం మానేసింది. షాపులో ఎదురైతే తల ఊపి వెళ్ళిపోయేది. మొదట్లో నాకూ కోపమే. తర్వాత తర్వాత దిగులు పట్టుకుంది.

“ఒక సారీ చెప్పేస్తే అయిపోద్ది కదా,” అన్నారు మావారు.

“దేనికి చెప్పాలి?”



మరుసటి వసంతంలో కొడుకు తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు, ఒక చెవి సరిగ్గా వినపడదు. తనే మా తలుపు తట్టి, అమ్మ మిమ్మల్నిద్దర్నీ భోజనానికి రమ్మందని చెప్పాడు. నా ప్రాణం లేచొచ్చింది. పులిహోర కలుపుకుని వెళ్ళాం. ఆవిడ నన్ను లోపలికి రమ్మంది గానీ నా కళ్ళలోకి చూడలేదు.

తింటూ తింటూ ఆ అబ్బాయి ఊరి సభ సంగతి ఎత్తాడు. ఎవరెవరు కిటికీల వైపు నిలబడ్డారో అమ్మ ఫోన్‌లో ఒక్కొక్కరి పేరూ చెప్పిందట. వాళ్ళలో తన లెక్కల మాస్టారు ఉన్నారు, తన ఫుట్‌బాల్ కోచ్ ఉన్నాడు. వాళ్ళ మొహాలు చూడాలని లేదన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

“మీరు ఆ రోజు ఒంట్లో బాగాలేక రాలేదట కదా. అమ్మ చెప్పింది.”

గిన్నెలో ఆవిడ గరిటె ఆగిపోయింది. మావారు నా కాలి మీద కాలు వేసి నొక్కారు. అవునంటే చాలు, పోయిన ఏడాదంతా తిరిగి వస్తుంది. నాకది తెలుసు. ఆ పిల్లాడి మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

“వచ్చాను. కిటికీల వైపే నిలబడ్డాను,” అన్నాను.

“ఎందుకు?”

“నీకు ఎవరూ అబద్ధం చెప్పకూడదని.”

అధ్యక్షుణ్ణి అనబోయి ఎవరిని అన్నానో, నోరు దాటాక తెలిసింది. ఆ గదిలో అతనికి అబద్ధం చెప్పిన మనిషి బల్లకి అవతల గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

ఆ అబ్బాయి తల్లి వైపు చూశాడు. ఆవిడ గరిటె కింద పెట్టింది.

“నీ చేత ఆ మాట చెప్పించలేనని తెలుసు,” అంది నాతో, నెమ్మదిగా. “అందుకే నేనే చెప్పాను. వాడు తిరిగొచ్చాక కనీసం పక్కింటికైనా వెళ్ళగలగాలని.”

ఆ అబ్బాయి కంచం అలాగే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. మేమూ లేచి వచ్చేశాం. ఇంటికొచ్చి ఏడ్చాను. నా ఓటు తప్పని ఆ రోజూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అయినా ఏడ్చాను.

మర్నాడు పొద్దున్న ఆవిడ మా వంటింటి తలుపు తట్టి, టీ ఉందా అని అడిగింది. ఇద్దరం వంటింట్లోనే కూర్చుని తాగాం. ఆ తర్వాత రోజూ వచ్చేది. మేము ఊరు వదిలేదాకా కొడుకు మాత్రం ఒక్కసారి కూడా మా గుమ్మంలోకి రాలేదు.