ఎవరివీ కాని నీళ్ళు

2004 ఎండాకాలం. ఎన్నికలు దగ్గరపడ్డాయి. అప్పట్లో నేను చీరాల పక్క రేవులో చేపలు కొని, బస్సు టాపు మీద బుట్ట వేసుకుని, పర్చూరు సంతకు వెళ్ళి అమ్మేదాన్ని. మిరప కోతల కాలంలో బేరం బాగుండేది. చేల నుంచి నేరుగా వచ్చిన ఆడకూలీలు కాయల ఘాటుకు తుమ్ముతూనే బేరమాడేవారు. నాకు సంతకం మించి చదువు లేదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. తిట్లు తీసేసి రాయమన్నాను. ఎన్ని తీసేసిందో తెలియదు.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళకు ఒక మాట. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో వేటకు పోకుండా ప్రభుత్వం మా ఇంజను బోట్లను ఒడ్డున కట్టేయిస్తుంది, తెడ్డు పడవలు మాత్రం దగ్గర్లో పోవచ్చు. దాన్ని మేము ‘బ్యాన్’ అంటాం. నాకు బ్యాన్ మీద కోపం లేదు. తల్లిచేపను పట్టేస్తే పిల్లచేప ఎక్కడి నుంచి వస్తుంది? నా కోపమంతా, దేశం హద్దు దాటాక, ఏ దేశానికీ చెందని నీళ్ళలో ఆ బ్యాన్ చెల్లకపోవడం మీద. ఇక్కడ మా బోట్లు ఎండుతుంటే అక్కడ పెద్ద ఓడలు వలలు లాగుతూనే ఉంటాయి. ‘ట్యూనా’ అంటున్నారే, మా సూర చేప, అది అటు నుంచే ఇటు వస్తుంది. హద్దు మనిషికి గానీ దానికేం తెలుసు?

దగ్గర్లో చేప తగ్గేకొద్దీ మావాళ్ళు దూరం పోవడం మొదలుపెట్టారు. నా మొగుడు ఒడ్డు కనిపించే నీళ్ళలోనే పోయాడు, కనీసం శవమైనా దొరికింది. ఇప్పుడు నా తమ్ముడు సింహాద్రి, హద్దు అవతలికి పోయే బోటులో పనికి కుదురుతానన్నాడు.

“పోవద్దురా” అన్నాను.

“ఇక్కడ వలేస్తే నాచు తప్ప ఏం పడతందే అక్కా? నాచు పులుసు పెడతావా?” అన్నాడు.

ఆ ఎన్నికల్లో రెండు పక్షాలు దీని మీదే కొట్టుకుంటున్నాయి. ఒక పక్షం, పరాయి ఓడలు అంతా ఊడ్చేశాయి, మనవాళ్ళకూ పెద్ద ఓడలిస్తాం, మనమూ పోయి పట్టుకొద్దాం అంటుంది. రెండోది, చేపలేం తగ్గలేదు, అవన్నీ దేశాలు కూర్చుని తేల్చుకుంటాయి అంటుంది. గుడ్లు పెట్టే రోజుల్లో అవతల కూడా అందరూ ఆపాలి అన్నవాడు ఒక్కడూ లేడు. ఆపితే చేప మళ్ళీ దగ్గరికొస్తుంది, తమ్ముడు పోనక్కర్లేదు. నా లెక్క అది.

సంత రోజున మొదటి పక్షం మనిషి సుబ్బారావు నా దగ్గరికి వచ్చాడు.

“పిన్నీ, మధ్యాహ్నం స్టేజీ ఎక్కాలి. మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకున్నదానివి. నీ మాట జనానికి ఎక్కుద్ది.”

“మైకిస్తావా? బ్యాన్ అవతల కూడా పెట్టమని చెప్తా.”

“చెప్పు, ఎవరొద్దన్నారు?”

తీరా స్టేజీ దగ్గరికి పోతే బుట్టలోకి చూసి మొహం చిట్లించాడు. “ఈ చేపలేంది? ఖాళీ చెయ్. ఓడలోళ్ళు ఊడ్చుకుపోయారని మా నాయకుడు చెప్తంటే పక్కన నువ్వు నిండు బుట్టతో నిలబడతావా?”

“మరి వీటిని నీ నెత్తిన పొయ్యనా?”

“కాసేపేగా పిన్నీ!”

తమ్ముడి కోసం ఒప్పుకున్నాను. చేపలు గోనె మీద పోసి, తడిగుడ్డ కప్పి, గాజులమ్మే మస్తాన్‌బీని చూడమని పైకెక్కాను.

నాయకుడు గొంతు చించుకుంటున్నాడు. “ఆ సముద్రం ఎవడబ్బ సొత్తూ కాదు! మనందరిదీ!” జనం చప్పట్లు. మైకు నా చేతికొచ్చింది. “పట్టుకురావడం కాదయ్యా, అక్కడ కూడా ఆపాలి. అన్ని దేశాలోళ్ళూ ఆపాలి. గుడ్లు పెట్టే...” అంతే, నా గొంతు నాకే వినపడలేదు. మైకు కట్టేశారు.

“చాల్లే పిన్నీ. ఫోటోవాడు చూస్తన్నాడు, బుట్ట పైకెత్తు” అన్నాడు సుబ్బారావు.

ఎత్తాను. ఎత్తి వాడి నెత్తినే బోర్లించాను. చేపనీళ్ళు చొక్కా మీదికి కారుతుంటే జనం ఈలలేశారు. కిందికి దిగేసరికి నా చేపలు ఎండకు మెత్తబడిపోయాయి. మస్తాన్‌బీ గొడుగు పట్టుకుని కూర్చుంది పాపం, ఆ వేడిని గొడుగేం ఆపుతుంది? అప్పుడే రెండో పక్షం మనిషి నవ్వుకుంటూ వచ్చాడు. “భలే పని చేశావమ్మా! రేపు మా మీటింగుకి రా. బుట్ట మాత్రం నిండుగా ఉండాలి.” వాడికి నేనేం చెప్పానో మా కోడలు రాయనంటోంది.

ఎవరు గెలిచారన్నది వదిలేయండి. బ్యాన్ అయిపోగానే సింహాద్రి ఆ దూరం పోయే బోటెక్కి వెళ్ళిపోయాడు.

వానలు మొదలయ్యాక ఆ బోటు జాడ లేకుండా పోయింది. తిరిగొచ్చిన వేరే బోటువాళ్ళు, ఇంజను చెడి హద్దు అవతలికి కొట్టుకుపోతుంటే చూశామన్నారు. నేను సిగ్గు విడిచి సుబ్బారావు గుమ్మం ఎక్కాను. వాడు నన్ను తిట్టలేదు. కూర్చోబెట్టి నా ముందే ఎవరెవరికో ఫోన్లు చేశాడు. చివరికి ఫోన్ పెట్టేసి, “అది మన హద్దు కాదంట పిన్నీ. సర్కారోళ్ళు అక్కడికెళ్ళి వెతకడానికి లేదంట” అన్నాడు.

“ఓట్లప్పుడు మనందరిదీ అన్నారుగా?”

రెండో పక్షం వాడి దగ్గరికీ పోయాను. “దేశాలు మాట్లాడుకోవాలమ్మా” అన్నాడు. ఆఫీసుల్లోనూ అదే పాట.

కడకు కాకినాడ వైపు వేటగాళ్ళెవరో ఆ బోటుకు తాడు కట్టి లాక్కొచ్చారు. తమ్ముడు నల్లగా కమిలిపోయాడు. పెదాలు పగిలిపోయాయి. పెద్ద ఓడలు పక్క నుంచే పోయాయట. చొక్కాలు విప్పి ఊపినా ఒక్కటీ ఆగలేదట. ఒంట్లో సత్తువ రాగానే మళ్ళీ ఆ బోటే ఎక్కాడు. “ఇక్కడేముందే అక్కా?” అన్నాడు.

ఇన్నేళ్ళ చేపల బేరంలో నేను నేర్చుకున్నది ఇదే. నీళ్ళు ఎవరివీ కావన్నారంటే, ఆ నీళ్ళలో ఉన్న మనిషి కూడా ఎవరివాడూ కాడని అర్థం. అక్కడి చేప కోసం రెండు పక్షాలు గొంతులు చించుకున్నాయి. నా తమ్ముడి కోసం ఒక్కడూ గొంతెత్తలేదు.