బల్ల కింద కువైట్ టైము

మైపాడులో ఇంటింటికీ నెట్ వైరు లాగి, నాకు ఈ పని నేర్పిన అన్న పోయిన వారం కన్నుమూశాడు. నిద్రలోనే గుండె ఆగిందట. పొద్దున్నే వలలు సర్దుకుంటున్న వాళ్లెవరో వచ్చి చెప్పారు. ఆ రోజు ఏడ్చాను. అన్న భార్య ఫోన్ చేశాక ఏడవడానికి కూడా మొహం చెల్లడం లేదు. ఎందుకో చెప్పాల్సిన మనిషికి ఇంకా చెప్పలేక, ముందు మీకు చెబుతున్నాను.

డిప్లొమా చదివాను కాబట్టి అన్నీ తెలుసన్న ధీమాతో అన్న ఆఫీసుగా వాడే షట్టరు గదిలో పనికి చేరాను. మొదటి రోజే కొత్త రౌటర్ విప్పి గబగబా వైర్లు గుచ్చబోతే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండుమే. ముందు దానికి మన టైము చెప్పు."

రౌటరైనా, నెట్‌ను పంచే స్విచ్ పెట్టె అయినా కొత్తది పరాయి దేశపు టైముతోనే వస్తుంది. మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. అది మార్చకపోతే, నెట్ ఎప్పుడు పోయిందో పెట్టె చెప్పేదానికీ జనం చెప్పేదానికీ పొంతన ఉండదు. "పడవ దిగొచ్చినోడు సాయంత్రం నెట్ పోయిందంటాడు, నీ పెట్టేమో మజ్జాన్నమే పోయిందంటది. ఎవుర్ని నమ్మేది?" అనేవాడు. టైము మార్చాక తన చేతి గడియారంతో సరిచూసుకుని, పెట్టెను ఒకసారి తట్టేవాడు, బిడ్డను బడికి పంపుతున్నట్టు.

టీ తెప్పిస్తే సగం నాకు పోసి, తన సగం చల్లారేదాకా మరిచిపోయేవాడు. నేను తప్పు చేస్తే అరిచేవాడు కాదు. "ఇంకోసారి చూడుమే" అనేవాడు, అంతే. నాకు మాత్రం ఎదుటివాళ్ల తప్పు దొరికితే నోరు ఊరుకోదు.

ఆమధ్య ఛాతీలో నొప్పని అన్న నెల్లూరు ఆసుపత్రిలో చేరాడు. ఆఫీసు నేనే చూసుకున్నాను. ఆయన బల్ల కింద, ఆయన కంప్యూటర్ ఒక్కదానికే వాడుకునే చిన్న స్విచ్ ఉండేది. దాని టైము ఎప్పుడూ తెర మీద ఒక మూల తెరిచే ఉండేది. నేనెన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజు చూస్తే రెండున్నర గంటలు వెనక నడుస్తోంది. నాకు పాఠాలు చెప్పే అన్న ఎంచక్కా దొరికిపోయాడు! వెంటనే సరిచేసి, ఫోన్ చేసి మరీ వెక్కిరించాను.

అన్న నవ్వలేదు. "సర్లేమే, మంచి పని చేసినావు" అన్నాడు. ఎందుకలా పెట్టుకున్నావన్నా అని అడగాలని నాకు తట్టలేదు. ఆయన భార్య కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుందని నాకు తెలిసి కూడా తట్టలేదు.

అన్న పోయాక ఆ అక్క ఆఫీసుకు ఫోన్ చేసింది. కడసారి చూపుకు ఆ ఇంటివాళ్లు ఆమెను పంపలేదు.

"ఇక్కడి మూడింటికి ఈ ఇంట్లో అందురూ పడుకుంటారుమే. అప్పుడే మీ అన్న ఫోన్ చేస్తాడు, ఏనాడూ తప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినాక ఒక రోజు నేను అన్నాలు వడ్డిస్తుంటే చేసినాడు. మేడమ్ ఫోన్ పెరుక్కునింది. మళ్లీ ఇచ్చేలోపల మనిషే లేకపోయె. ఆ వేళప్పుడు ఎందుకు చేసినాడో, నీకేమన్నా చెప్పినాడా?"

తెర మీద మూడయితే ఫోన్ తియ్యడం అన్న అలవాటు. మందుల మత్తులో ఆఫీసుకొచ్చినా ఆ అలవాటు పోలేదు, నేను టైము మార్చిన సంగతే మరిచాడు. ఆయన చూసిన మూడు నేను పెట్టిన మూడు. అప్పుడు కువైట్‌లో పన్నెండున్నర, భోజనాల వేళ.

"తెలీదక్కా" అన్నాను.

మర్నాడు ఆ స్విచ్‌ను మళ్లీ కువైట్ టైముకు మార్చాను. ఇక ఎవరికి ఉపయోగమో తెలియదు, మార్చకుండా ఉండలేకపోయాను. తెర మీద మూడు కాగానే ఫోన్ మోగింది, అక్కే.

"ఊరికే చేసినామే. ఈ వేళకి ఏం తోచదు. అక్కడ టైమెంత?"

కంటి ముందున్నదే చదివేశాను. "మూడక్కా."

"అది ఇక్కడి టైము కదమే?"

"అన్న ఇట్టనే పెట్టుకున్నాడక్కా. నీ టైము."

ఆ టైము తీసేసింది నేనేనని, అందుకే అన్న ఫోన్ వేళ తప్పిందని చెప్పాలి. ఊరందరి తప్పులూ పట్టే నోరు అప్పుడు పెగల్లేదు. ఆమే అడిగింది.

"రేపు కూడా ఈ వేళకి చెయ్యనా?"

"చెయ్యక్కా" అన్నాను.

ఆ రేపు ఈ రోజే. తెర మీద మూడు కావస్తోంది. అన్న కుర్చీ ఖాళీగానే ఉంది. నేను ఫోన్ పక్కన నిలబడి ఉన్నాను.