శనివారం అన్నం తిన్న ఆరుగురు

2023 ఎండాకాలం. మొయినాబాద్ దాటి చిల్కూరు వైపు మళ్లే తోవలో, గులాబీ తోటల పక్కన ఒక చెలకను చదును చేసి చేసుకున్న మైదానం మాది. పగలంతా నేను చేవెళ్లలో బడి పిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. సాయంత్రం ఐదు దాటితే ఆ మైదానంలో పెద్దవాళ్ల రగ్బీ లీగ్ జట్టుకు కోచ్‌ని. ఆ జట్టులో ఒక ఆరుగురిని నిలబెట్టడానికి నేను చేసిన పోరాటం గురించి చెబుతాను. నా ఉద్యోగ జీవితంలో ఇంతగా వాదించింది, ఇంత సంతోషపడింది మరోసారి లేదు.

ఆట తెలియనివారికి కొంచెం చెప్పాలి. రగ్బీ లీగ్‌లో జట్టుకు పదముగ్గురు. కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని అవతలి గీత దాకా పరుగెత్తి, దాన్ని నేలకు ఆనించాలి. దాన్ని ‘ట్రై’ అంటారు, నాలుగు పాయింట్లు. బంతి పట్టుకున్నవాణ్ణి అవతలివాళ్లు పట్టి పడేయడం ‘ట్యాకిల్’. ఆరు ట్యాకిళ్లు అయ్యేలోపు ట్రై కొట్టకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. పదముగ్గురిలో ముందుండే ఆరుగురిని ‘ఫార్వర్డ్ ప్యాక్’ అంటారు. ఎదురుగా గోడలా నిలబడ్డ మనుషుల్లోకి దూసుకుపోయేది వాళ్లు, వాళ్ల మీదికి దూసుకొచ్చేవాళ్లను ఆపేది వాళ్లు. వెనకవాళ్లకు చప్పట్లు వస్తాయి, వీళ్లకు కమిలిన భుజాలు మిగులుతాయి. ప్యాక్ అలసిపోయిందంటే ఇక ఆ రోజు ఆట అయిపోయినట్టే.

అంతకు ముందు సీజన్‌లో మా ప్యాక్ ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి సగం పులిలా ఆడి, రెండో సగంలో కూలబడిపోయింది. ఇంకో వింత కూడా ఉంది. వరసగా రెండు మ్యాచ్‌లు ఒక్కసారి కూడా గెలవలేదు. ఒక ఆదివారం గెలిస్తే మరుసటి ఆదివారం ఓడిపోవడం ఖాయం. క్లబ్బు అధ్యక్షుడు రాఘవరెడ్డి దీనికి కారణం కనిపెట్టేశాడు. గెలిచినప్పుడు ఊరి కళ్లు పడుతున్నాయని గోల్ స్తంభానికి బూడిద గుమ్మడికాయ కట్టించాడు. గుమ్మడికాయ కుళ్లింది, ఫలితం మారలేదు. అప్పుడు రెండో కారణం కనిపెట్టాడు.

“మనోళ్లు పాలు పిండేటోళ్లు, పైపులు బిగించేటోళ్లు సారు. వీళ్లతోని కాదు. సిటీల జిమ్ముల పహిల్వాన్లున్నరు, ఒక్కొక్కడు దున్నపోతు లెక్క ఉన్నడు. ఆరుగురిని మాట్లాడి పెట్టిన. మన ఆరుగురిని పక్కకు వెడ్దం.”

“రెండో సగంలో ఎందుకు అలసిపోతున్నారో తెలియకుండానే తీసేస్తావా అన్నా?”

“కారణం నీకు గావాలె సారు. నాకు కప్పు గావాలె. దసరా దాక టైమిస్త. అప్పటికి గిట్లనే ఉంటే, నీ ఆరుగురు ఇంటికే.”

ఇది మా ఆరుగురికి చిన్న విషయం కాదు. ప్రాప్ అంటే ప్యాక్‌లో మొదటి వరస మనిషి. ఆ స్థానంలో ఆడే మల్లేశ్ తెల్లవారకముందే లేచి బర్రెల పాలు పిండి, మోకిలలో కొత్తగా లేచిన విల్లాలకు పోసి వస్తాడు. ఆ విల్లాల గేటు దగ్గర కాపలావాళ్లు అతన్ని “ఏయ్ పాలు” అని పిలుస్తారు. ఈ మైదానంలో మాత్రం అతను మల్లేశ్. రెండో ప్రాప్ యేసుదాసు ప్లంబరు. జట్టు చొక్కా వేసుకుని ఫోటో దిగి, దాన్ని పెద్దది చేయించి ఇంట్లో గోడకు పెట్టుకున్నవాడు. ఆ చొక్కా వాళ్ల ఒంటి మీది నుంచి తీసేస్తే ఏం పోతుందో నాకు తెలుసు.

నేను కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో వాదిస్తూ పెరిగినవాణ్ణి. అక్కడ మొదటే నేర్పిన ప్రశ్న ఒకటుంది: నువ్వు చెప్పే కారణం నిజమైతే, ఆ కారణం లేని చోట ఏం జరగాలి? బరువు తక్కువ కావడమే కారణమైతే మావాళ్లు సాధన రోజుల్లో కూడా కూలబడాలి కదా. కానీ మంగళవారం, గురువారం వాళ్లను చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. చీకటి పడేదాకా తోసి, పరుగెత్తి, ఇంకా ఆడదామనేవాళ్లు. పైగా చిన్నప్పటి నుంచి కబడ్డీ ఆడినవాళ్లు. ఇద్దరు ముగ్గురు చేతులు కలిపి గొలుసులా చుట్టుకుని మనిషిని ఆపడం వాళ్ల రక్తంలో ఉంది. రగ్బీలో అది బంగారం. ఒకడు కాళ్లు పడితే, ఇంకొకడు బంతి ఉన్న చేతిని పట్టేస్తాడు. అవతలివాడికి బంతి విడిచే దారి ఉండదు. ఆ ఎండాకాలమంతా ఆ గొలుసుకే పదును పెట్టాను. జిమ్ము కండలతో వచ్చేది కాదది.

అంటే తేడా బరువులో లేదు. మంగళవారానికీ ఆదివారానికీ మధ్య ఎక్కడో ఉంది. మ్యాచ్ ముందురోజు విశ్రాంతి తీసుకోమని శనివారం సెలవిచ్చేవాణ్ణి. ఒకరోజు సాధన అయ్యాక చెమట తుడుచుకుంటున్న మల్లేశ్‌ను అడిగాను.

“మ్యాచ్ ముందు శనివారం ఏం చేస్తావు?”

“ఏముంటది సార్. పాలు పోసి, ఒక్కపొద్దు ఉండి, నడుసుకుంట చిల్కూరు పోత. మనం గెలవాలని పదకొండు సుట్లు తిరుగుత. నేనొక్కన్నే గాదు, నలుగురం పోతం.”

“గెలిస్తే?”

“గెలిస్తే మొక్కు తీర్చాలె గద సార్. ఆ వచ్చే శనివారం నూటెనిమిది.”

చిల్కూరు గుడి ఆనవాయితీ ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. కోరిక కోరడానికి పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. నాకు తెలియనిదల్లా, నా జట్టు ముందువరస ఆ పని కడుపు మాడ్చుకుని, వట్టి కాళ్లతో, మ్యాచ్‌కు ముందురోజు చేస్తోందని. వరసగా రెండు ఎందుకు గెలవలేదో అప్పుడు అర్థమైంది. గెలిచిన ప్రతిసారీ మరుసటి శనివారం తమ కాళ్లను తామే ఓడించుకుని వస్తున్నారు.

పక్కనే ఉన్న యేసుదాసు నవ్వాడు. “చర్చికి పోయే మా ఇద్దరిది గదే కత సార్. శనివారం పగటిపూట సంది ఉపవాస ప్రార్థన. ఆదివారం ఆరాధన అయినంక సీదా బస్సెక్కుతం. ఒక అరటిపండు, ఒక చాయ్.”

నా కోపం నా చేతిలో లేకుండా పోయింది. “మిమ్మల్ని తోసేది అవతలి ఆరుగురు. వాళ్లు పొద్దున గుడ్లు తిని వస్తున్నారు. దేవుడు వచ్చి స్క్రమ్‌లో భుజం పెడతాడా?” అని గట్టిగానే అన్నాను. స్క్రమ్ అంటే రెండు ప్యాక్‌లూ తలలు కలిపి నిలబడే చోటు.

మల్లేశ్ తువ్వాల భుజాన వేసుకుని తాపీగా అన్నాడు. “మరి మీరు మ్యాచ్ దినం గా నీలం టోపీ ఎందుకు పెడ్తరు సార్?”

“ఎండకు.”

“వాన వడ్డనాడు గూడ పెట్టిండ్రు.”

“తడవకుండా.”

“స్కూటర్లనే రెయిన్‌కోటు ఇడ్సిపెట్టి, టోపీ పెట్టుకున్నరు సార్,” అన్నాడు యేసుదాసు. ఆరుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. వాదనలో దెబ్బ తగిలిందని ఒప్పుకోవడం కూడా నాకు సభల్లోనే నేర్పారు. టోపీ తీసి మల్లేశ్ చేతిలో పెట్టాను. “సీజన్ అయ్యేదాకా నీ దగ్గరే ఉంచు. నేను దీన్ని వదిలేశాను. ఇక నా మాట నమ్మొద్దు, మీ మాటా నేను నమ్మను. చేసి చూద్దాం.”

దొంతన్‌పల్లి వైపు క్యాంపస్‌లో చదివే కుర్రాళ్ల జట్టు ఒకటి మాతో స్నేహంగా ఆడేది. నాలుగు ఆదివారాలు వాళ్లతో సాధన మ్యాచ్‌లు కుదిర్చాను. మొదటి వారం అంతా మావాళ్ల పాత పద్ధతిలోనే. పోయిన సీజన్ మొక్కు ఒకటి మిగిలి ఉంటే అది కూడా తీర్చుకు వచ్చారు. రెండో సగంలో ఎప్పటిలాగే కూలారు, ఓడారు. రెండో వారం శనివారం రెండు పూటలా అన్నం, ఆదివారం పొద్దున మళ్లీ అన్నం, నడక లేదు. గెలిచారు. చివరి నిమిషంలో కూడా యేసుదాసు అవతలివాళ్లను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

రాఘవరెడ్డి ఒప్పుకోలేదు. “ఇయాల గా పోరగాళ్లు సరిగ ఆడలే సారు. ఒక్క మ్యాచ్‌తోని ఏం తెలుస్తది?”

నిజమే. మంచి అభ్యంతరం. ఒక్కసారి జరిగింది రుజువు కాదు. అందుకే ఆరుగురినీ పిలిచి చెప్పాను. “ఈ శనివారం మళ్లీ పస్తుండండి. మొన్న గెలిచారు కాబట్టి మొక్కు ఉంది కదా, నూట ఎనిమిదీ తిరగండి.”

మల్లేశ్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “మీరు ఉపవాసం ఉండుమంటున్నరా సార్?”

“ఉండమనే అంటున్నా.”

“అవ్వా, లోకం పాడైంది,” అన్నాడు యేసుదాసు. “దేవుడు లేడనే సారు మొక్కు తీర్చుమంటుండు.”

మూడో వారం ఓడారు. నాలుగో వారం అన్నం తిని వచ్చి, అంతకు ముందుకన్నా గట్టిగా గెలిచారు. మైదానం గట్టు మీద కూర్చున్న రాఘవరెడ్డి లేచి నా దగ్గరికి వచ్చాడు. నా ముందే ఫోను తీసి జిమ్ము పహిల్వాన్లకు “ఇప్పుడు అవసరం లేదు తమ్మీ” అని చెప్పాడు. అయితే నాకు వేలు చూపించాడు. “కప్పు రాకుంటే వచ్చే యేడు వాళ్లే సారు. యాదికుంచుకో.”

ఇక మిగిలింది మొక్కు సంగతి. దాన్ని మానమని నేను చెప్పలేదు. మానితే ఆదివారం ఆట కన్నా ఆ భయమే వాళ్లను ఎక్కువ కుంగదీస్తుంది, అదీ కళ్లకు కనిపించే నిజమే. దారి మల్లేశే చెప్పాడు. “వారానికో కోరిక ఎందుకు సార్. ఒక్కటే కోరుతం, కప్పు. సీజన్ ముంగట పదకొండు. కప్పు కొట్టినంక నూటెనిమిది.” ఆనవాయితీ చెక్కుచెదరలేదు, కాళ్లు మిగిలాయి.

చర్చికి పోయే ఇద్దరూ ఉపవాసాన్ని సాధన లేని బుధవారానికి మార్చుకున్నారు. ఆదివారం తిండికి మాత్రం యేసుదాసు మొరాయించాడు. ఆ ముడి విప్పింది వాళ్ల అమ్మ మరియమ్మ. అన్నం, కోడికూర టిఫిన్‌లో పెట్టుకుని చర్చి మెట్ల మీద కూర్చుని కొడుకును పిలిచింది. “ప్రభువు అందరికి రొట్టెలు పంచిండు గని ఎవ్వల్ని ఉపాసం తోలియ్యలే. తిను బిడ్డా. తినకుంటే మీ సారు మళ్ల నా దగ్గరికొచ్చి ఉపన్యాసమిస్తడు. ఆయన నోటికి నేను తట్టుకోలేను.”

సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ గెలిచాం. మరుసటి ఆదివారం సగం ఊరు మైదానానికి వచ్చింది, ఆట చూడటానికి కాదు, ఓడిపోతామా లేదా అని చూడటానికి. ఆ మ్యాచ్ కూడా గెలిచాం. వరసగా రెండు గెలవడం మా జట్టు చరిత్రలో అదే మొదటిసారి. ఆ తరవాత మమ్మల్ని ఆపడం ఎవరివల్లా కాలేదు.

ఫైనల్ సిటీ జట్టుతో. రాఘవరెడ్డి ఆశపడ్డ పహిల్వాన్లలో ఇద్దరు వాళ్ల వైపు ఉన్నారు. మొదటి సగంలో వాళ్ల బరువు ముందు మావాళ్లు వెనక్కి వెనక్కి జరిగారు. ఆట ముగింపుకు వచ్చేసరికి వాళ్లకు పదహారు, మాకు పద్నాలుగు. పోయిన ఏడాది అయితే సరిగ్గా ఈ సమయానికే మావాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాళ్లు. ఇప్పుడు నడుం మీద చేతులు అవతలివాళ్లవి. గొలుసు బిగిసింది. ఆ ఇద్దరు పహిల్వాన్లలో ఒకణ్ణి యేసుదాసు కాళ్ల దగ్గర, మల్లేశ్ చేతుల దగ్గర పట్టుకున్నారు. బంతి జారింది, మాకు దొరికింది. ఆరు ట్యాకిళ్లు మావి. ఒక్కొక్కటీ ఒక్కో అడుగు ముందుకే. ఆఖరి దాంట్లో మల్లేశ్ తల వంచి, ముగ్గురిని వీపు మీద మోసుకుంటూ, గీత అవతల బంతిని నేలకు ఆనించాడు. పద్దెనిమిది, పదహారు. గట్టు మీద రాఘవరెడ్డి తువ్వాల గాల్లోకి ఎగరేశాడు, అది గులాబీ తోట కంచెలో చిక్కుకుంది, తీసుకోవడానికి కూడా పోలేదు. ఎండలో వట్టి తలతో నిలబడ్డ నేను ఏం అరిచానో నాకు గుర్తులేదు. ఏదో పెద్దగానే అరిచి ఉంటాను, రెండు రోజులు గొంతు పలకలేదు.

తరవాతి శనివారం చిల్కూరు పోయారు నలుగురూ. నేను గుడి లోపలికి పోలేదు, పోను. బయట వాళ్ల చెప్పుల దగ్గర నిలబడ్డాను. నా పక్కన యేసుదాసు, అతని చేతిలో మరియమ్మ పంపిన టిఫిన్ క్యారియరు. ఎండ నెత్తికెక్కాక నలుగురూ బయటికి వచ్చారు. వాళ్ల నడక చూస్తే ఫైనల్ ఆడిన మనుషుల్లా లేరు. మల్లేశ్ గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. తొడలు పిసుక్కుంటూ అన్నాడు:

“రేపు మ్యాచ్ ఉంటే ఓడిపోతుంటిమి సార్.”

నాకు కప్పు ఇచ్చిన ఆనందం కన్నా ఆ మాట ఇచ్చిన ఆనందం పెద్దది. నేను చెప్పి ఒప్పించిన మాట కాదది. తన ఒంటి మీద తానే పరీక్షించి, తన నోటితో తానే తేల్చిన మాట. ఏళ్ల తరబడి వేదికల మీద నమ్మకాలను కడిగేశాను, ఒక్కడూ మారలేదు. ఇక్కడ నాలుగు ఆదివారాలు ఆడి చూపిస్తే ఆరుగురు మారారు. వాళ్లు జట్టు కోసం తమ ఆకలినే ఇచ్చినవాళ్లు. అంత ఇవ్వగలవాళ్లకు నిజం చూపిస్తే చాలు, ఎక్కడ ఇవ్వాలో వాళ్లే చూసుకుంటారు. కోచ్ పని దాని కన్నా ఎక్కువేం కాదు.

మల్లేశ్ లేచి, సంచిలోంచి నా నీలం టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు.

“పెట్టుకోండ్రి సార్. ఎండ ఉన్నది.”