లారీ ఎక్కి వెళ్ళిపోయిన గోదారి

ఆ రోజుల్లో మా భీమవరంలో వీడియో అంటే సినిమా, సినిమా అంటే హీరో, హీరో అంటే ఫైటింగు. ఇవేవీ లేకుండా తెర మీద ఏదైనా కదిలితే దాన్ని దోమ అనుకునేవాళ్ళం. అలాంటి ఊళ్ళో, ఎనభైల నడిమధ్యన, మా బావ ఐసు గోడ మీద కళ చూపించాడు. అందులో నేనూ నటించాను. ఏం నటించానో ఇప్పటికీ నాకు తెలియదు.

బావంటే మా మావయ్యగారి ఏకైక పుత్రుడు. మావయ్యకు చేపల లారీలకు ఐసు పోసే ఫ్యాక్టరీ ఉండేది (అది ఒక్కపూట ఆగితే బంగాళాఖాతం కుళ్ళిపోతుందని ఆయన నమ్మకం). నేనందులో కొత్త గుమస్తాని. "లారీని ఆపకండ్రా!" అన్న మాట ఆయన నోట రామనామం కన్నా ఎక్కువసార్లు వచ్చేది. బరోడాలో బొమ్మల చదువు చదువుతున్న బావ సెలవులకొచ్చి, ఇక కుంచె ముట్టను, వెలుగుతో, నీడతో బొమ్మలేస్తానన్నాడు. మావయ్యకు ఒళ్ళు మండింది. "ఏదీ, నా కళ్ళముందు ఒక్కటి వేసి చూపించు. నచ్చిందా, బరోడా వెళ్ళు. లేదా, సోమవారం నుంచి వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చో" అని తేల్చేశారు.

బావ రాజమండ్రి నుంచి వీడియో ప్రొజెక్టరు అద్దెకు తెచ్చాడు. ఏనుగు పిల్లంత ఉంది (మోసింది ఇద్దరే, కానీ నేను చెప్పేటప్పుడు ఆరుగురు). దాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం కళ్ళు మూడూ ఒక్కసారి వెలిగేసరికి మా ఫ్యాక్టరీ మేస్త్రీ చెప్పులు విప్పి దండం పెట్టాడు. షెడ్డులో ఐసు దిమ్మలు నిలబెట్టి గోడ కట్టించాడు బావ. ముందు నుంచి దాని మీద గోదారి నీళ్ళ బొమ్మ పడుతుంది. వెనక దీపం పెట్టి, దానికీ ఐసుకీ మధ్య నన్ను నిలబెట్టాడు, నా నీడ కోసం.

"నేనేం చెయ్యాలి బావా?"

"నువ్వు కాలానివిరా."

"కాలం ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు. గడుస్తుంది, అంతే."

ఒంటి మీద బనీను తప్ప ఏమీ లేకుండా అంత ఐసు వెనక గడవడం ఎంత కష్టమో కాలాన్నే అడగాలి.

వీడియో వేస్తున్నారని తెలిసి సాయంత్రానికి సగం ఊరు చాపలతో దిగింది. దీపాలార్పారు. దిమ్మల లోపల ఉండే తెల్లటి మబ్బు మీద నీళ్ళు కదిలాయి. కదులుతూనే ఉన్నాయి.

"బాబూ, పేర్లెప్పుడు పడతాయండి?" అందొక పెద్దావిడ.

"వరద సీనండి. ఇప్పుడు హీరో కొట్టుకొస్తాడు చూడండి" అని పక్కాయన ధైర్యం చెప్పాడు.

సరిగ్గా అప్పుడే చలికి నా నీడ గడగడ వణికింది. "అదిగోనండి, వచ్చాడు! పాపం, చలిజ్వరం!" ఒకటే ఈలలు. ముందు కుర్చీలో మావయ్య మేస్త్రీ వైపు వంగి, "ఏంట్రా ఇది? మొదలైందా, అయిపోయిందా?" అనడం నాకు ఐసు వెనక్కి కూడా వినిపించింది.

"తెలీదండి. రిపేర్లో ఉన్నట్టుందండి."

ఇంతలో గేటు దగ్గర చేపల లారీ హారన్ కొట్టింది. హారన్ వింటే మా కూలీల చేతులు వాళ్ళనడక్కుండానే పని మొదలెడతాయి. దిమ్మల మీద కొక్కేలు పడ్డాయి. గోడ కదిలింది. ఒక్కో దిమ్మా వెళ్ళి పొడి చేసే మిషనులో పడుతోంది. "అది ఐసు కాదు, నా తెర!" అని బావ గావుకేక పెట్టాడు.

"తెరైనా కరిగిపోద్దండి చినబాబుగారూ, అవతల చేపలున్నాయండి" అన్నాడు మేస్త్రీ, లాగడం ఆపకుండానే.

గోడ పోయింది. కాలం బనీనుతో సహా జనానికి దొరికిపోయింది. నేను పక్కకి దూకాను. బావ తల పట్టుకుని కూలబడ్డాడు. అయితే ప్రొజెక్టరు ఆపాలని ఎవరికీ తోచలేదు. నేను నిలబడ్డ చోటికే లారీ హారన్ కొడుతూ వచ్చి నిలబడింది. చేప పెట్టెల మీద పోసిన ఐసు పొడి గుట్ట మీద గోదారి పడింది. ఒక్కో రవ్వా మెరిసింది. నీళ్ళు నిజంగానే పారుతున్నట్టుంది. ఈల వేయబోయిన నోరు తెరుచుకునే ఉండిపోయింది.

లారీ కదిలింది. గోదారి కొసనుంచి జానెడు జానెడు జారిపోతోంది. మావయ్య కుర్చీ తన్నేసి లేచారు.

"ఆపండ్రా లారీని! గోదారెళ్ళిపోతోంది!"

ఆయన నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. లారీ డ్రైవరైతే ఆ రోజు కూడా వినలేదు. లారీ వెళ్ళిపోయింది. మావయ్య తన మాటకు తనే తెల్లబోయి, కండువాతో మొహం తుడుచుకుని, "రేపే రైలెక్కరా. నువ్విక్కడుంటే నాకు ఐసు మిగలదు" అన్నారు.

"నచ్చిందా నాన్నా?"

"నచ్చడమేంటి! అర్థమైతే కదా!"

ఇప్పుడు నగరాల్లో పెద్ద పెద్ద మేడల మీద వెలుగు బొమ్మలు వేస్తుంటే వెళ్ళి చూస్తుంటాను. ఒక్క ముక్క అర్థం కాదు. "నేనూ ఒకప్పుడు కాలంగా చేశానండి" అంటే పక్కవాళ్ళు మర్యాదగా కాస్త దూరం జరుగుతారు. అయినా రోడ్డు మీద ఏ లారీయో హారన్ కొడితే చాలు, చప్పున ఒక్క అడుగు పక్కకి వేస్తాను. నాలోని ఆ బనీను కుర్రాడికి చలి ఇంకా తగ్గలేదు కాబోలు.