బతికున్న మనిషికి శోకం

మా నాన్న వరంగల్ మిషన్‌లో ఉపదేశి. నాకప్పుడు ఇరవై ఏళ్ళుంటాయి, మిషన్ బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. స్పెయిన్ నుంచి ఒక పండితుడు వచ్చి ఫాదర్ గారింట్లో దిగాడు. ఇద్దరూ చిన్నప్పుడు అక్కడ ఒకే బడిలో చదువుకున్నారట. ఆయనకు తెలుగు మాట్లాడటం నేర్పమని ఫాదర్ గారు నాన్నను అడిగితే, నాన్న ఆ పని నాకప్పగించాడు.

మనిషి పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. గచ్చు మీద నడిచొస్తుంటే అడుగుల చప్పుడు వినిపించేది కాదు. బల్ల మీద పలకలు సర్దుకుంటూ తిరిగి చూస్తే వెనకే నిలబడి ఉండేవాడు. "దయచేసి కూర్చొనుడు" అనేవాడు నాతో. ఓడలో వ్యాకరణం పుస్తకం చదువుతూ వచ్చాడు మరి. పిల్లలు నవ్వితే తనూ నవ్వేవాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది.

ఒకప్పుడు పెద్ద విశ్వవిద్యాలయంలో పాత కవిత్వం చెప్పేవాడు. రెండు కవితల పుస్తకాలు అచ్చయ్యాయి. వాళ్ళ పల్లెల్లో చనిపోయినవాళ్ళ కోసం ఆడవాళ్ళు పాడే ఏడుపుల మీద ఏళ్ళ తరబడి పని చేశాడు. తర్వాత వాళ్ళ దేశంలో అన్నదమ్ములే రెండు పక్షాలై యుద్ధం చేసుకున్నారు. ఈయన పక్షం ఓడిపోయింది. ఉద్యోగం పోయింది, జైల్లో వేశారు. కాల్చి చంపారని ఊరికి తప్పుడు కబురు వెళ్ళింది. తల్లి ఏడ్చి ఏడ్చి, ఈయన విడుదల కాకముందే కన్నుమూసింది. అప్పటినుంచి ఒక్క కవిత కూడా రాయలేదు. ఇదంతా ఇంగ్లీషులో, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

మా దగ్గరా ఆడవాళ్ళు శోకాలు పెడతారని నా మాటల్లో తెలిసి, వింటానని పట్టుబట్టాడు. హసన్‌పర్తి దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మను మించి శోకం పెట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఏ కులం ఇంట్లో చావైనా ఆమెకే కబురొచ్చేది. ఒక మధ్యాహ్నం ఆయన్ని ఎడ్లబండిలో తీసుకెళ్ళాను.

పెద్దమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. సంగతి వినగానే చేయి ఆపింది.

"సచ్చినోళ్ళు లేకుండ శోకం పెడ్తరా దొరా? సావును ఇంటికి పిలిచినట్టైతది."

"చచ్చినవాడు ఉన్నాడు. నేనే" అన్నాడాయన. "మా అమ్మ నా కొరకు ఏడ్చినది. నేను వినలేదు. ఏమని ఏడ్చినదో వినవలెను."

పెద్దమ్మ నా వైపు చూసింది. తల్లి సంగతి చెప్పాను. చాలాసేపు ఆయన ముఖంలోకే చూసి, కొంగు తల మీదికి లాక్కుని, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

మొదట మామూలుగానే సాగింది. ఏడబోతివి కొడుకా, నన్నిడిసి ఎట్లబోతివి కొడుకా అని. నేను పక్కన కూర్చుని ఇంగ్లీషులో అర్థం చెబుతున్నాను. ఉన్నట్టుండి ఆమె గొంతు సన్నబడింది. ముసలి గొంతు కాదది, మా పెద్దమ్మది కానే కాదు.

"నీళ్ళు తిప్పే ఇసుర్రాయి ఇంట్ల పుడితివి కొడుకా, తెల్లటి పిండిల పొర్లితివి కొడుకా, కాలువల ఒక్క చెప్పు ఇడిసి ఒంటి చెప్పుతోటి వస్తివి కొడుకా, అయ్యకు చెప్పకని ఏడిస్తివి కొడుకా..."

నేను అర్థం చెప్పబోతే ఆయన చేయెత్తి ఆపాడు.

ఏడుపు విని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరు చచ్చిపోయారని అడగబోయి, పెద్దమ్మ ఎదురుగా తలవంచుకుని కూర్చున్న తెల్ల మనిషిని చూశారు. ఒక్కొక్కరే కూర్చుని తామూ ఏడవడం మొదలుపెట్టారు. ఒకామె కళ్ళు తుడుచుకుంటూ ఆయన వైపు జరగబోయి, మధ్యలోనే ఆగి వెనక్కి వెళ్ళిపోయింది.

బండిలో తిరిగొస్తూ ఆయన చాలా దూరం పల్లె వైపే చూశాడు.

"మాది నీటితో తిరిగే పిండి మర" అన్నాడు చివరికి, ఇంగ్లీషులో. "అది ఫాదర్‌కు తెలుసు, ఎవరికైనా చెప్పి ఉండవచ్చు. చెప్పు సంగతి అమ్మకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాన్న కొడతాడని ఆమె దాచిపెట్టింది."

తర్వాతి ఆదివారం పెద్దమ్మకు ఆ శోకం మాటలు తిరిగి చెప్పి అడిగాను, అవి ఎవరు చెప్పారని.

"నేనేమన్ననో నాకు యాదికి లేదు బిడ్డా" అంది. "నీళ్ళు ఇసుర్రాయిని తిప్పుతయా ఏడన్న?"

ఆమె మళ్ళీ ఎవరికీ శోకం పెట్టలేకపోయింది. చావింట్లో కూర్చుని రాగం తీసేది, మాటలు వచ్చేవి కావు. ఎదురుచూసి ఎదురుచూసి వేరే ఆడవాళ్ళు అందుకునేవారు. కొన్నాళ్ళకు కబుర్లు రావడం ఆగిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు కానీ, దొరను మళ్ళీ తీసుకురావద్దంది.

ఆ పల్లె ఆడవాళ్ళు కూరగాయలమ్ముకోవడానికి పట్నం వచ్చినప్పుడు ఆయన ఎదురుపడితే, శోకం అయిపోయిన మనిషని కళ్ళు దించుకుని పక్కకు తప్పుకునేవారు. ఆయన కూరగాయలకు డబ్బులివ్వబోతే చేతిలోకి తీసుకునేవారు కాదు, కింద పెట్టమనేవారు. ఫాదర్ గారు నాన్నను పిలిచి కోప్పడ్డారు. ఆయనకు మాత్రం ఇవేవీ పట్టలేదు. పొద్దస్తమానం రాసుకుంటూ ఉండేవాడు. బడి వదిలాక నన్ను కూర్చోబెట్టి చదివి వినిపించేవాడు. స్పానిష్‌లో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ప్రతి పాదం చివర గొంతు లాగి వదిలినప్పుడు నేను గుర్తుపట్టేదాన్ని. అది పెద్దమ్మ రాగం.

నిజాం రాజ్యం పోయిన కొంతకాలానికి ఆయనకు సముద్రాల అవతల, వాళ్ళ భాషే మాట్లాడే ఇంకో దేశంలో కాలేజీ ఉద్యోగం దొరికింది. నాన్నా నేనూ కాజీపేట స్టేషన్‌కు వెళ్ళాం. అప్పటికి మా మాటలన్నీ ఆయనకు బాగా వంటబట్టాయి. రైలెక్కి, కిటికీలోంచి మాకు చేతులు జోడించి, "పోతున్న" అన్నాడు.

నాన్న ఉలిక్కిపడి, "అట్ల అనద్దు దొరా. పోయొస్త అనాలె" అన్నాడు.

"తెలుసు" అన్నాడాయన, నవ్వుతూ. ఈసారి కళ్ళు కూడా నవ్వాయి. "పోతున్న."

రైలు కదిలింది. ఇంటికొచ్చి నాన్న గడప దాటకముందే బయట తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. నన్నూ కడుక్కోమన్నాడు.